మూడు నెలలకి ఒక్క రోజు తక్కువ

అందరికీ నమస్కారమండి. ఈ రోజు మాట్లాడుకునేది బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళకి పనికొచ్చే విషయం, పనిచేసే చోట తప్పుని ఎత్తిచూపినందుకు ఉద్యోగం పోతే కేసు వేయడానికి ఉండే గడువు గురించి. కేర్ హోముల్లో, ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ హాస్పిటళ్ళలో, ఐటీ కంపెనీల్లో చాలామందే ఉన్నారు కదా. పిల్లలు అక్కడుండి మీరిక్కడ వింటున్నా సరే, ఈసారి ఫోన్ చేసినప్పుడు చెప్పండి.

పనిచేసే చోట ఏదో తప్పు కంటపడింది అనుకోండి, రాత్రి డ్యూటీకి మనుషులు చాలట్లేదు, ఇవ్వని మందు ఇచ్చినట్టు చార్టులో రాసేస్తున్నారు, మీరు మేనేజరుకి ఈమెయిల్ పెట్టారు, కొన్నాళ్ళకి మీ షిఫ్టులు తగ్గాయి, ఆ తర్వాత ఉద్యోగమే పోయింది. ఇలా నోరు విప్పినవాళ్ళని విజిల్ బ్లోయర్లు అంటారు, వాళ్ళ కోసం 1998లో పబ్లిక్ ఇంటరెస్ట్ డిస్‌క్లోజర్ యాక్ట్ అని ఒక చట్టం చేశారు. అది ఊరికే రాలేదు. 1987లో బెల్జియంలోని జీబ్రుగ్ రేవు దగ్గర ఫెర్రీ బోల్తాపడి 193 మంది పోయారు, ముందు భాగంలోని తలుపులు మూయకుండానే బయల్దేరింది ఆ ఓడ. తలుపులు పడ్డాయో లేదో తెలిసేలా ఓడ నడిపే గదిలో లైట్లు పెట్టించండి మహాప్రభో అని కెప్టెన్లు అంతకుముందే అడిగారని, కంపెనీవాళ్ళు వెటకారం చేసి వదిలేశారని ఎంక్వైరీలో బయటపడింది.

చట్టం మాత్రం గట్టిదే. మామూలుగా అన్యాయంగా తీసేశారని కేసు వేయాలంటే కొంత సర్వీసు ఉండాలి, ఇక్కడ అదేం అక్కర్లేదు, చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది, ఏజెన్సీ ద్వారా చేరినవాళ్ళకి కూడా, పరిహారానికి పై పరిమితి లేదు. కాకపోతే చెప్పాల్సిన చోట చెప్పాలి, యజమానికి గానీ, ఇంగ్లండ్‌లో కేర్ హోము విషయమైతే వాటిని తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్‌కి గానీ. ఫేస్‌బుక్‌లో పెట్టేసి రక్షణ ఉందిలే అనుకుంటే కష్టం.

ఇంత గట్టి చట్టం ఉండి కూడా మనవాళ్ళు దెబ్బతినేది ఎక్కడంటే తేదీ దగ్గర. ఉద్యోగ గొడవలు విచారించే ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కి వెళ్ళడానికి మూడు నెలలు అంటారు గానీ, ఆ జరిగిన రోజుని కూడా కలిపి లెక్కేస్తారు, కాబట్టి మార్చి 10న తీసేస్తే జూన్ 9 ఆఖరి రోజు, జూన్ 10న వెళ్తే అయిపోయినట్టే. ఇండియాలో పాత ఇండస్ట్రియల్ డిస్ప్యూట్స్ యాక్ట్ కింద మూడేళ్ళ గడువు ఉండేది, ఆ అలవాటుతో ఆలోచిస్తే అక్కడ మునిగిపోతాం. ఇంకోటి, షిఫ్టులు తగ్గించిన దానికి ఒక గడువు, ఉద్యోగం తీసేసిన దానికి ఇంకో గడువు, దేని లెక్క దానిదే. వేధింపులు ఒకదాని వెంట ఒకటి వరసగా జరిగాయని చూపించగలిగితే ఆఖరి దాని నుంచి లెక్కపెడతారు, అది నిరూపించాల్సింది మాత్రం మనమే.

అసలు పెద్ద ఉచ్చు కంపెనీలో వేసుకునే అప్పీలు. తీసేశాక హెచ్‌ఆర్ వాళ్ళు చాలా మర్యాదగా, అప్పీలు చేసుకోండి, విచారిస్తాం అంటారు, మనం కూడా మంచిగా పోదాంలే, ఇప్పుడే కోర్టెందుకు అనుకుంటాం, మీటింగ్ వాయిదా పడుతుంది, ఒకాయన సెలవులో ఉంటాడు, ఈలోపు గడియారం ఆగదు, ఒక్క రోజు కూడా ఆగదు. దానికి తోడు వీసా గొడవ, వీసాకి స్పాన్సర్ చేసిన కంపెనీలో ఉద్యోగం పోతే అక్కడ ఉండటానికి సాధారణంగా 60 రోజులే ఇస్తారు, కొత్త స్పాన్సర్ని వెతికే గాభరాలో ఇంకో గడువు కూడా నడుస్తోందని ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

ఆ గడియారాన్ని ఆపేది ఏకాస్ అనే ప్రభుత్వ సంస్థ. ట్రిబ్యునల్‌కి వెళ్ళేముందు రాజీ ప్రయత్నం కోసం వాళ్ళకి చెప్పి తీరాలి, 2014 నుంచి అది తప్పనిసరి. చెప్పిన రోజు నుంచి వాళ్ళు సర్టిఫికెట్ ఇచ్చేదాకా గడువు ఆగుతుంది, అయితే గడువు దాటాక చెప్తే ఆపడానికి మిగిలిందేమీ ఉండదు.

గడువు దాటితే ట్రిబ్యునల్ దయతలచదా అంటే, తలుస్తుంది గానీ చాలా అరుదు. వివక్ష కేసుల్లో కాస్త ఉదారంగా ఉంటారు, ఇక్కడ మాత్రం ఆ టైములో వేయడం నిజంగా సాధ్యం కాలేదని చూపించాలి, ఆ తర్వాతైనా ఆలస్యం చేయకుండా వేసుండాలి. నాకు తెలీదండి అంటే, కనుక్కుని ఉండొచ్చుగా అంటారు. మీ లాయరు తప్పు తేదీ చెప్పినా మామూలుగా అది మీ నెత్తినే పడుతుంది, నాకైతే ఇది మరీ కఠినం అనిపిస్తుంది.

2025లో వచ్చిన ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ ఈ మూడు నెలల్ని ఆరుకి పెంచుతుంది, కానీ అది అమలయ్యే తేదీ, మీ విషయం జరిగిన తేదీ రెండూ చూసుకోకుండా ఆరు నెలలుందిలే అని కూర్చోవద్దు.

ఇంకో చిన్న గడువుంది, దీని గురించి వినేవాళ్ళే తక్కువ. ఉద్యోగం ముగిసిన 7 రోజుల్లోపు ఇంటరిమ్ రిలీఫ్ అడగొచ్చు, దీనికి ఏకాస్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. మీరు గెలిచే అవకాశం బాగా ఉందని జడ్జికి అనిపిస్తే ఆఖరి తీర్పు దాకా జీతం వచ్చేలా ఆర్డర్ వేస్తారు. దొరకడం తేలిక కాదు, పైగా ఆ వారంలో మనిషి తేరుకోనే తేరుకోడు, అందుకే తీసేస్తారని అనుమానం వచ్చిన రోజే ఈమెయిళ్ళూ తేదీలూ ఒకచోట రాసిపెట్టుకుని, యూనియన్ ఉంటే వాళ్ళతో మాట్లాడాలి. ఖర్చుకి భయపడక్కర్లేదు, ఏకాస్ ఉచితం, ట్రిబ్యునల్ ఫీజులు కూడా చెల్లవని 2017లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది.