యాంటిక్ స్టైల్ కొత్త తలుపు తాళం విప్పి చూశాను: ఆరు లివర్లు, కానీ...

నమస్తే అండీ, బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ తాళాన్ని కంపెనీ వాళ్ళు ఫ్రీగా పంపారు, వీడియోకి డబ్బులు మాత్రం తీసుకోలేదు. సైజు, బరువు, వారంటీ డబ్బా మీదే ఉన్నాయి, వాటి జోలికి వెళ్ళను. నేను నేరుగా స్క్రూలు విప్పేశాను.

దగ్గరగా చూపిస్తున్నాను, చూడండి. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఈ ఇత్తడి రేకులే లివర్లు. తాళంచెవి తిప్పితే ఒక్కో పన్ను ఒక్కో రేకును లేపుతుంది. ప్రతి రేకూ సరిగ్గా తన ఎత్తుకు వస్తేనే గడియ కదులుతుంది. కొంచెం తక్కువ లేచినా, ఎక్కువ లేచినా కదలదు. 1778లో రాబర్ట్ బారన్ పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. 1818లో జెరెమయా చబ్ దీనికి ఇంకోటి చేర్చాడు. దొంగ కెలుకుతూ రేకును ఎక్కువ లేపాడనుకోండి, తాళం బిగుసుకుపోతుంది. తర్వాత యజమాని చెవి పెట్టగానే సంగతి తెలిసిపోతుంది. ఎంత గొప్ప ఆలోచనండీ!

మరి ఇందులో? ఈ చెవి పళ్ళు చూడండి. ఆరింటిలో నాలుగు ఒకే ఎత్తు! ఒకటి తెలిస్తే నాలుగూ తెలిసినట్టే. నాకు నిజంగా కోపం వచ్చింది.

నిరుడు పర్లాకిమిడిలో మా తాతగారింటి వీధి తలుపు తాళంచెవి పోయింది. తాళాలు బాగుచేసే ఒక పెద్దాయన వచ్చారు. తాళం విప్పనే లేదు. పళ్ళు కోయని చెవిని దీపం మసిలో నల్లగా పట్టించి, లోపల పెట్టి మెల్లగా తిప్పి తీశారు. మసి చెరిగిన చోట ఆకురాయితో రెండు రాపిళ్ళు. మళ్ళీ మసి, మళ్ళీ తిప్పడం. రెండు గంటల పైనే పట్టింది. మామ్మ గుమ్మం దగ్గర నుంచి లేవలేదు. "ఏమయ్యా, తెరుచుకుంటాదా?" అంటూనే ఉంది. చివరికి టక్, టక్ అని రెండు చుట్లు తిరిగింది. నేను కొబ్బరినూనె తెస్తే, "వద్దు బాబూ, నూనెకి దుమ్ము పట్టి జిగురైపోద్ది" అని పెన్సిల్ ములుకు పొడి వేశారు. అప్పటినుంచి ఒక్కసారి కూడా పట్టేయలేదు.

ఈ కొత్తదాని పాలిష్ బాగుంది, ఒప్పుకుంటాను. లోపలి గది అల్మరాకి పెట్టుకోండి. వీధి తలుపుకి మాత్రం వద్దండీ. మీ ఊళ్ళో పాత తాళం ఉంటే, చెవి లేదని పాత సామాన్ల వాడికి వేసేయకండి. ఫోటో తీసి కామెంట్లో పెట్టండి, వచ్చే వారం ఆ పెద్దాయన దగ్గరికి వెళ్తున్నాను, చూపించి అడుగుతాను.