చిలక తోక రెండు రంగులు

(ఉగాదికి ముందు రాజమండ్రిలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు చదవమని చీటీ ఇచ్చారు. పదకొండు పేర్లున్నాయి. ఒక్కొక్కరికీ ఒక విశేషణం తగిలించి చదివేసరికి వెనకాల గుండిగలో పులిహోర చల్లారిపోతుంది. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా నాకు అరవై నాలుగేళ్ళు, ఇప్పుడు నన్నేం చేస్తారు?

నన్ను పరిచయం చేసిన అమ్మాయి చక్కగా మాట్లాడింది. ఒక్క మాట మాత్రం పట్టుకుంటాను. 'మేడంగారు ఖాళీ సమయంలో కుట్లు, అల్లికలు చేస్తుంటారు' అంది. ఆ ఖాళీ సమయం సంగతి తర్వాత తేలుద్దాం. గుర్తు చెయ్యండి, నేను మర్చిపోతాను.

నాకిచ్చిన విషయం 'వసంతకాలంలో ఇల్లు, క్రాస్ స్టిచ్ అలంకరణ'. వసంతం అనగానే కోయిల, మావిచిగురు అంటారు ఉపన్యాసకులు. మన ఇళ్ళలో వసంతమంటే ఏమిటో మనకు తెలియదా? కొత్త చింతపండు వస్తుంది. గింజ తీయాలి, ఈనెలు తీయాలి, ఉప్పు వేసి జాడీకెత్తాలి. మేడ మీద మిరపకాయలు. ఇంట్లో ఒకరికి పదో తరగతి పరీక్షలు, ఆ టెన్షన్ పిల్లల కంటే మనకే ఎక్కువ. ఉగాదికి ముందు బూజులు దులపాలి, కర్టెన్లు దింపి ఉతకాలి. సరిగ్గా అప్పుడే ట్రంకుపెట్టె తెరుస్తాం. అడుగునుంచి కలరా ఉండల వాసనతో ఒక మ్యాటీ గుడ్డ బయటికొస్తుంది. హంసలో, గులాబీల బుట్టో, టీవీ కవరో, దిండు గలీబో. ఎవరింట్లో ఉన్నాయో చేతులెత్తండి.

చూశారా, సగం హాలు లేచింది. ఇప్పుడు ఇంకొకటి అడుగుతాను. దాని మీద కుట్టినావిడ పేరు ఎంతమంది ఇళ్ళలో ఉంది? ఒక్కరే ఎత్తారు. ఏమని ఉందమ్మా? 'వెల్‌కమ్' అనా? అది పేరు కాదు తల్లీ.

సరే, ముందు పని చెబుతాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళు భయపడక్కర్లేదు. ముగ్గు వచ్చినవాళ్ళకి క్రాస్ స్టిచ్ సగం వచ్చినట్టే. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకు సందు చుక్క అని చెబితే మీరు కాగితం చూడకుండా వేసేస్తారా లేదా? ఇదీ ఆ లెక్కే. గుడ్డ మీద బొమ్మ గీసుకోం. గళ్ళ కాగితంలో ఒక గడి అంటే గుడ్డ మీద ఒక ఇంటూ మార్కు. లెక్క తప్పితే ముగ్గులో గీత ఎక్కడో గాల్లో తేలినట్టు, ఇక్కడ చిలక ముక్కు వచ్చి చెవిలో ఉంటుంది.

ఇదేదో దొరలు తెచ్చిన కుట్టనుకోకండి. కర్ణాటకలో ధార్వాడ వైపు కసూతి అనే కుట్టు ఉంది. ఇల్కల్ చీరల మీద గోపురాలు, రథాలు, ఏనుగులు కుడతారు. వాళ్ళూ గుడ్డ మీద ఏమీ గీసుకోరు, పోగులు లెక్కపెట్టుకుంటూ పోతారు. అందులో నాలుగు రకాల కుట్లు. గవంతి, ముర్గి, నేయిగె, మెంతె. ఆ నాలుగోది మన ఇంటూ కుట్టే. మెంతిగింజలా ఉంటుందని ఆ పేరు. పోపుల డబ్బాలోంచి పేరు తీసి కుట్టుకి పెట్టినావిడ ఎవరో గానీ, ఆవిడకి నేను దణ్ణం పెడతాను.

ఇప్పుడు బజార్లో ఐడా గుడ్డ దొరుకుతోంది, గళ్ళు నేతలోనే ఉంటాయి. పద్నాలుగు కౌంట్ తీసుకోండి. అంటే అంగుళానికి 14 గళ్ళు. 84 గళ్ళ వెడల్పు, 112 గళ్ళ ఎత్తు ఉన్న బొమ్మయితే ఆరంగుళాలు, ఎనిమిదంగుళాలు వస్తుంది. చుట్టూ ఫ్రేముకి మూడేసి అంగుళాలు వదలండి. గుడ్డని నాలుగు మడతలు పెట్టి మధ్య గడి పట్టుకోండి, అక్కడినుంచి మొదలు. సూది మొన మొద్దుగా ఉండాలి. యాంకర్ దారం చుట్ట ఎనిమిది మీటర్లుంటుంది, దానిలో ఆరు పోగులు. రెండు పోగులు విడదీసుకుంటే చాలు. మూరెడు కంటే పొడుగు తీయకండి, చిక్కు పడుతుంది. కింది వాలు ఎటు వేస్తే అన్నీ అటే, పై వాలు ఇంకోవైపు. మధ్యలో తిరగబడితే వెలుతురు పడ్డప్పుడు ఆ ఒక్క గడి వేరేగా మెరుస్తుంది. ముడి వెయ్యొద్దు, కొసని వెనక కుట్ల కిందకి తోసెయ్యండి. ఈ నెలల్లో చేతులకి చెమట పడుతుంది, పక్కన పొడిగుడ్డ ఉంచుకోండి. చింతపండు వలిచిన రోజు మాత్రం అసలు ముట్టుకోకండి, ఎంత కడిగినా ఆ జిగురు వదలదు.

ఇంకొకటి, ముఖ్యమైనది. ఒక రంగు దారం ఎంత పడుతుందో అంచనా వేసుకుని అంతా ఒకేసారి కొనండి. నంబరు ఒకటే అయినా ఒక అద్దకానికీ ఇంకో అద్దకానికీ తేడా వస్తుంది. ఇది నాకెలా తెలుసంటే...

అలంకరణ గురించి ఇంకా నాలుగు పాయింట్లు రాసుకొచ్చాను గానీ, ఇప్పుడు ఇది చెప్పకపోతే నాకు పులిహోర అరగదు.

1983. టైపు లోయరు పాసై హయ్యరుకి కట్టి ఇంట్లో ఉన్నాను. ఫాల్గుణంలో మొదలెట్టి ఒక పటం కుట్టాను. మామిడికొమ్మ, దాని మీద రెండు చిలకలు. ఎడం వైపు చిలక తోక దగ్గరికొచ్చేసరికి ఆకుపచ్చ అయిపోయింది. మెయిన్ రోడ్డుకెళ్ళి అదే నంబరు తెచ్చాను. ఆ రాత్రి కరెంటు పోయింది, కిరసనాయిలు దీపం దగ్గర కూర్చుని తోక పూర్తి చేశాను. తెల్లారి వీధి గుమ్మంలో ఎండకి పెట్టి చూస్తే ఏముంది? తోక సగం ముదురు, సగం లేత. పైన ఏడు వరుసలు ఒక రంగు, కింద పదకొండు వరుసలు ఒక రంగు. మా అమ్మ ఊడదీయమంది. ఊడదీస్తే గుడ్డ నూగు లేచిపోతుందని నేను ఒప్పుకోలేదు. అలాగే అద్దం కట్టించాం.

చైత్రంలో పక్కింటి పిన్నిగారొచ్చారు. వాళ్ళమ్మాయికి పెళ్ళిచూపులు. "వదినా, మీ పిల్ల చిలకల పటం ఒక్క పూట ఇస్తావా? మా హాల్లో గోడ బోసిగా ఉంది" అన్నారు. మా అమ్మ ఇచ్చేసింది. ఆ రోజుల్లో ఇవన్నీ మామూలే. కుర్చీలు, కప్పులు, సాసర్లు, చంద్రహారం అన్నీ అటూ ఇటూ తిరిగేవి. సాయానికి నేనూ వెళ్ళాను. పెళ్ళికొడుకు తల్లి మనిషిని చూడకుండా గోడని చూసింది. "ఎవరు కుట్టారండీ?" అంది.

హాలంతా చప్పుడు లేదు. నేను బజ్జీల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. పిన్నిగారు నా వైపు చూడకుండా, "ఇంకెవరండీ, మా అమ్మాయే" అన్నారు.

ఆవిడ లేచి పటం దగ్గరికెళ్ళింది. కళ్ళజోడు పైకి నెట్టి, "ఈ తోక రెండు రంగులుందేం?" అంది. నా గుండె ఆగిపోయింది. జన్మలో సూది పట్టని ఆ పిల్ల, తల దించుకునే ఉండి, "ఎండ పడిన వైపు అలా లేతగా కనిపిస్తుందండి" అంది.

అంతే! సంబంధం కుదిరిపోయింది. పిల్ల తెలివైంది, పనిమంతురాలు అని ఊరంతా అనుకున్నారు. సారెలో ఆ పటం కూడా వెళ్ళింది. పెళ్ళికొడుకు తల్లే అడిగి మరీ పట్టుకెళ్ళింది. నేను ఏడిస్తే మా అమ్మ, "పోనీలేవే, పటం మళ్ళీ కుట్టుకోవచ్చు, అంత మంచి సంబంధం మళ్ళీ వస్తుందా? నోరు మూసుకో" అంది. మూసుకున్నాను.

నాకు కోపం పిన్నిగారి మీద కాదు. ఆడపిల్లని గడప దాటించడానికి ఆవిడ పడిన పాట్లు ఆవిడవి. నా మీద నాకే కోపం. కింద మూల కొమ్మ పక్కన ఖాళీ ఉంది. ఒక్క అక్షరం, ఒక సంవత్సరం కుట్టి ఉంటే ఆ పటం కాలు కదిపేది కాదు కదా!

లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అని ఉంది. అక్కడ ఒక కుట్ల నమూనా గుడ్డ ఉంది. పువ్వులు, జంతువులు, అక్షరాలు కుట్టిన గుడ్డ. దాని మీద జేన్ బోస్టాక్ అని పేరు, 1598 అని సంవత్సరం కుట్టి ఉన్నాయి. తేదీ వేసిన ఇంగ్లిష్ నమూనా గుడ్డల్లో ఇప్పటికి తెలిసినవాటిలో అదే పాతది. 1596లో ఆలిస్ లీ అనే పాప పుట్టిందని కూడా దాని మీదే కుట్టింది. ఆ జేన్ రాణి కాదు. పేరు కుట్టుకుంది కాబట్టి నాలుగు వందల ఏళ్ళ తర్వాత రాజమండ్రిలో ఒక ముసలమ్మ మైకులో ఆ పేరు చెబుతోంది. మా అమ్మమ్మ అల్లిన తోరణం గురించి ఎవరు చెబుతారు?

ఆ, ఖాళీ సమయం. గుర్తు చేసినందుకు థాంక్స్ అమ్మా. మన పక్కనే నర్సాపురం. అక్కడి లేసు మిషనరీల కాలం నుంచి ఉంది, దేశదేశాలకి వెళ్ళింది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ అల్లే ఆడవాళ్ళ మీద 1982లో మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఒక పుస్తకం రాసింది. అందులో ఆవిడ పట్టుకున్న విషయం ఏమిటో తెలుసా? గంటల తరబడి అల్లి, విదేశాలకి పోయే సరుకు తయారు చేస్తుంటే, వీళ్ళు ఇంటిపట్టున ఉండే ఇల్లాళ్ళు, ఖాళీలో అల్లుకుంటారు అని లెక్క కట్టారట. ఖాళీలో చేసిన పనికి కూలి తగ్గించొచ్చు కదా! నేను ఆ చిలకలు కుట్టింది అంట్లు తోమాక, బావిలో నీళ్ళు తోడాక, తమ్ముళ్ళకి లెక్కలు చెప్పాక. నిద్రలోంచి తీసి కుట్టాను. ఖాళీ అని ఎవరన్నారు?

కేకలేస్తున్నానా? ఏమీ అనుకోకండి. మంచినీళ్ళు ఇవ్వమ్మా.

కథ అయిపోలేదు. రెండేళ్ళ కిందట హైదరాబాద్‌లో ఆ పిన్నిగారమ్మాయి వాళ్ళ గృహప్రవేశానికి పిలిచారు. హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా నా చిలకలు! కొత్త ఫ్రేము, పైన చిన్న లైటు కూడా పెట్టించారు. నేను నోరు తెరిచేలోపు ఆవిడ మనవరాలు వచ్చి చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మగారూ, ఇది మా నానమ్మ కుట్టింది. తోక చూడండి, ఎండ పడిన వైపు లేత రంగు. అప్పట్లోనే షేడింగ్ చేసింది!" నేను వంటింటి వైపు చూశాను. మా పిన్నిగారమ్మాయి చేతిలో గరిటెతో నిలబడి, చెప్పకు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. నలభై ఏళ్ళ తర్వాత కూడా మళ్ళీ నేనే నోరు మూసుకున్నాను.

మొన్న ఫిబ్రవరిలో తన దగ్గర్నుంచి ఫోను. "అక్కా, పీకల మీదకొచ్చింది. వేసవి సెలవుల్లో మనవరాలికి క్రాస్ స్టిచ్ నేర్పాలట. గుడ్డ, దారాలు, ఫ్రేము అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించేసింది. సూది ఎటునుంచి గుచ్చాలే?"

ఎంత నవ్వానో చెప్పలేను. అప్పటినుంచి రోజూ రాత్రి తొమ్మిదికి వీడియో కాల్. ఆయన హాల్లో వార్తలు చూస్తుంటారు, ఈవిడ పూజగదిలో తలుపేసుకుని నేర్చుకుంటోంది. అరవై రెండేళ్ళ శిష్యురాలు. మొదటి వారం అన్నీ తిరగబడ్డ ఇంటూలే. వెనక్కి తిప్పి చూపించమంటే చూపించదు. చూపిస్తే తెలిసింది, వెనకంతా పిచ్చుక గూడు. ఇప్పుడు కాస్త నయం, మొన్న ఒక వేపాకు పూర్తి చేసింది.

ఈ సంగతి మీకు చెప్పొచ్చా అని అడిగాను. "నా పేరు చెప్పకుండా అయితే చెప్పుకో" అంది. చెప్పలేదు. ఈసారి పేరు లేకుండా ఉండే వంతు తనది.

పోయిన మంగళవారం తనే అంది. "అక్కా, అద్దం మసకేసింది, శుభ్రం చేయిస్తానని చెప్పి పటం విప్పిస్తాను. ఉగాది వెళ్ళాక ఒకసారి రా. కింద మూల నీ అక్షరం వేసి వెళ్ళు." మనవరాలికి ఏం చెబుతావే అన్నాను. సమాధానం చెప్పలేదు, సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చుంది.

టికెట్ తీసుకున్నాను. ఇక్కడ ఒక చిక్కొచ్చింది, మీ అందరికీ పనికొస్తుంది, వినండి. ఇంగ్లిష్ అక్షరాలు గళ్ళలో ఇట్టే కూర్చుంటాయి, చాలావరకు నిలువు గీతలు, అడ్డగీతలు. మన అక్షరం గుండ్రం, గడేమో చదరం. నా పేరు 'ర' తో మొదలవుతుంది. ఏడు గళ్ళ వెడల్పు, తొమ్మిది గళ్ళ ఎత్తులో వేశాను. మొదటిసారి కుండలా వచ్చింది. నాలుగు మూలల గళ్ళూ వదిలేస్తే గుండ్రం వచ్చింది, కానీ తలకట్టు నిలవదు. తలకట్టు సరిగ్గా పడకపోతే 'ర' కాస్తా సున్నా అయి కూర్చుంటుంది. ఇంత కష్టపడి వెళ్ళి అక్కడ సున్నా చుట్టి రావాలా? చివరికి తలకట్టుకి ఒక్క పోగుతో బ్యాక్ స్టిచ్, అంటే గీతలా వచ్చే కుట్టు వేస్తే నిలబడింది.

ఇదిగో, ఆ గళ్ళ కాగితం. వెనకాల ఇంకో పన్నెండు అక్షరాలు కూడా వేసి పెట్టాను. క, మ, ల, స ఉన్నాయి. 'శ్రీ' ఇంకా కుదరలేదు, ఎవరికైనా కుదిరితే నాకు చెప్పండి. ముందు వరుస వాళ్ళు చూసి వెనక్కి పంపండి. ఫోటో తీసుకోండి, కాగితం మాత్రం తిరిగివ్వండి, నా దగ్గర ఇదొక్కటే ఉంది. పులిహోర తిన్నాక చేతులు కడుక్కుని పట్టుకోండమ్మా.