షోలాపూర్ కట్నం, బంకాపూర్ ముట్టడి: ముస్తఫా ఖాన్ అర్దిస్తానీ

శ్రోతలకు నమస్కారం.

తళ్ళికోట యుద్ధం అనగానే అళియ రామరాయలు, దక్కన్ సుల్తానులు గుర్తొస్తారు. ఒకరినొకరు నమ్మని ఆ సుల్తానులను ఏకం చేసిన మంతనాల్లో ముఖ్యుడు ముస్తఫా ఖాన్ అర్దిస్తానీ. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి వచ్చిన సయ్యద్, గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులో పెద్ద అమీరు. గోల్కొండ కోట మక్కా దర్వాజా దగ్గరి 1559 నాటి శాసనం ఆయన పేరు చెబుతుంది.

చరిత్రకారుడు ఫిరిష్తా చెప్పిన ప్రకారం ఇబ్రహీం ఆజ్ఞ ఇది: ముందు బీజాపూర్ వెళ్ళాలి, అక్కడి సుల్తాను అలీ ఆదిల్‌షా పొత్తుకు ఇచ్చేది గట్టి మాటే అనిపిస్తేనే అహ్మద్‌నగర్ వెళ్ళాలి. జాగ్రత్త అవసరమే. అంతకుముందు రామరాయలతో కలిసి అహ్మద్‌నగర్ రాజ్యం మీద పడింది ఈ అలీయే. పైగా షోలాపూర్ కోట తగాదా ఒకటి. ఊరికే వదులుకుంటే అహ్మద్‌నగర్ సుల్తాను హుస్సేన్ నిజాంషాకు పరువు తక్కువ, చేతికి రాకపోతే అలీకి తృప్తి లేదు. చివరికి కుదిరింది కుండమార్పిడి. హుస్సేన్ కూతురు చాంద్ బీబీ అలీకి, అలీ చెల్లెలు హుస్సేన్ కొడుకు ముర్తజాకు. షోలాపూర్ చాంద్ బీబీ కట్నంలో వెళ్ళింది. ఓడి ఇచ్చినట్టు కాలేదు, అల్లుడికి పెట్టినట్టయింది. 1565 జనవరి 23న యుద్ధం గెలిచారు.

గెలుపు తర్వాతే చిక్కొచ్చింది. రాయచూరు, ముద్గల్ కోటలను ముస్తఫా ఖాన్ తనను అడగకుండా బీజాపూర్‌కు అప్పగించాడని ఇబ్రహీంకు కోపం. ముస్తఫా ఖాన్ మక్కా యాత్ర పేరుతో సెలవు తీసుకుని బీజాపూర్ కొలువులో చేరాడు.

సైనికుడిగా ఆయన పనితనం, నేటి కర్ణాటకలోని బంకాపూర్ కోటకు బీజాపూర్ దండు వేసిన ముట్టడిలో కనిపిస్తుంది. ఏడాదికి పైగా సాగింది. లోపలివాళ్ళకు సాయంగా వచ్చినవారు ఎదురుపడి పోరాడలేదు. బీజాపూర్ దండుకు ధాన్యం రాకుండా దారులు కాశారు, రాత్రిళ్ళు శిబిరంలో చొరబడ్డారు. ముట్టడి వేసినవాడే ఆకలితో లేచిపోయే పరిస్థితి. ముస్తఫా ఖాన్ 6,000 మంది బర్గీ రౌతులను (మరాఠా గుర్రపుదళాన్ని) బయట తిరిగే శత్రువుల మీదికి తోలాడు. రోజూ పొద్దుగూకగానే 8,000 కాల్బలాన్ని శిబిరం చుట్టూ నిలబెట్టాడు. ధాన్యం రాక మొదలైంది. కోట లొంగింది.

1580లో అలీ హత్య జరిగింది. సింహాసనం మీద పసివాడు, పెత్తనం కిశ్వర్ ఖాన్ చేతిలో. బంకాపూర్‌లో ఉన్న ముస్తఫా ఖాన్‌ను అతడు రాజముద్ర వేసిన ఉత్తర్వు పంపి చంపించాడు. చాంద్ బీబీ మండిపడింది. కిశ్వర్ ఖాన్ అహ్మద్‌నగర్‌కు, అక్కడా నిలవలేక గోల్కొండకు పారిపోయాడు. గోల్కొండలోనే ఒక అర్దిస్తాన్ వాడు అతణ్ణి పొడిచి పగ తీర్చుకున్నాడు.