'నేను' చెప్పే కథలో నాన్న

[తెరపై: "ఆ రాత్రి నాన్న గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు."]

చదవగానే ఆ నాన్న మీద కోపం వస్తుంది. కానీ లోపల ఆయన ఏం చేస్తున్నాడు? ఏడుస్తున్నాడేమో. కథ చెప్పే పిల్ల తలుపు బయట ఉంది కాబట్టి మనమూ బయటే ఉండిపోయాం.

ఇప్పుడిది చూడండి.

[తెరపై: "ఆయన తలుపేసుకుని మంచం మీద కూలబడ్డాడు. కూతురికి ఏం చెప్పాలో తోచలేదు."]

అదే రాత్రి, అదే తలుపు. కోపం జాలిగా మారిపోయింది.

'నేను' అని చెప్పే కథలో అమ్మానాన్నలకు తమ తరఫున మాట్లాడుకునే వీలుండదు. అందుకే మంచి రచయిత ఆ పిల్లకే తెలియకుండా సాక్ష్యం వదిలిపెడతాడు. "నాన్నకి నేనంటే ఇష్టం లేదు" అంటుంది పిల్ల. రెండు పేజీల తర్వాత, "తెగిన నా బ్యాగు పట్టీ పొద్దున్నకల్లా కుట్టి ఉంది" అంటుంది. ఎవరు కుట్టారో చెప్పదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఇలాంటి చోట పిల్ల అభిప్రాయాన్ని పక్కనపెట్టి, ఆ కుట్టును నమ్మాలి.

అభిమానం కూడా ఇలాగే పుడుతుంది. అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ నవల 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' 1960లో వచ్చింది. కథ చెప్పే పిల్ల పేరు స్కౌట్. మొదట్లో ఆమెకి ఆరేళ్లు కూడా నిండవు. నాన్న అటికస్‌కి దాదాపు యాభై, కళ్లద్దాలు, ఫుట్‌బాల్ ఆడడు. ఆమెకు చిన్నతనంగా ఉంటుంది. ఒకరోజు వీధిలోకి పిచ్చికుక్క వస్తుంది. షెరీఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి, తుపాకీ అటికస్ చేతికిస్తాడు. ఒక్కటే గుండు! నాన్నకు అంత గురి ఉందని స్కౌట్‌కి అప్పుడే తెలుస్తుంది, మనకూ అప్పుడే. ఆమె ఆశ్చర్యం మనదైపోతుంది. పైగా ఇదంతా చెబుతున్నది పెద్దయిన స్కౌట్. ఏది గుర్తుచేసుకోవాలో ఎంచుకునేది ఆమే.

ఇవే పాత్రలతో హార్పర్ లీ 'గో సెట్ ఎ వాచ్‌మన్' అంతకుముందే రాసినా అది 2015లో గానీ అచ్చు కాలేదు. అందులో 'నేను' లేదు, 'ఆమె' ఉంది. ఇరవై ఆరేళ్ల స్కౌట్ ఇంటికొచ్చి, నల్లజాతివాళ్లకు సమాన హక్కులు వద్దనేవాళ్ల సమావేశంలో నాన్నను చూస్తుంది. చాలామంది పాఠకుల మనసు విరిగింది. రచయిత్రి ఆ పాత్రనే వేరుగా రాసింది, నిజమే. కానీ అంత బాధ ఎందుకంటే, 1960 నుంచీ వాళ్లు అటికస్‌ని చూసింది ఆయన కూతురి కళ్లతోనే. మొదటి పుస్తకం మళ్లీ చదివితే, స్కౌట్ లేనప్పుడు అటికస్ ఏం మాట్లాడి ఉంటాడో ఆలోచిస్తూ చదవండి. చాలా పేజీల్లో ఆయన మాట మనకు అసలు వినిపించదు.