మెషీన్ బయట స్టీలు సరే, లోపల నీళ్లు దేన్ని తాకుతున్నాయి?

ఎస్ప్రెసో మెషీన్ (వేడి నీళ్లని ఒత్తిడితో పొడిలోంచి తోసి చిక్కటి కాఫీ తీసేది) పైకి స్టీలుతో తళతళలాడుతోందని లోపల కూడా స్టీలే అనుకోకండి. ప్లాస్టిక్ తగలని కాఫీ కావాలంటే నీళ్లు వెళ్లే దారి పట్టుకుని చూడాలి. ట్యాంకు, గొట్టం, పంపు, బాయిలర్, చివర కాఫీ పొడి ఉండే బాస్కెట్.

ఇళ్లలో వాడే మెషీన్లలో ట్యాంకు దాదాపుగా ప్లాస్టిక్కే. వైబ్రేషన్ పంపు లోపలా అదే. అయితే అక్కడి నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి కొంత నయం. వేడెక్కేకొద్దీ ప్లాస్టిక్‌లోని పదార్థాలు నీళ్లలోకి ఎక్కువగా దిగుతాయి. అందుకే బాయిలర్ దాటాక ఏముందన్నదే అసలు లెక్క. అక్కడ నీళ్లు 90 డిగ్రీల పైనే, ఒత్తిడి 9 బార్లు, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లు.

ఇదిగో, ఈ పోర్టాఫిల్టర్‌లోంచి (బాస్కెట్‌ని పట్టి ఉంచే, హ్యాండిల్ ఉన్న భాగం) బాస్కెట్ తీసేశాను. అడుగున నల్లటి గిన్నెలాంటిది కనిపిస్తోందా? గోరుతో కొట్టండి, లోహంలా మోగదు. ప్లాస్టిక్. వేడి కాఫీ మొత్తం దీని మీంచే జారుతుంది! హ్యాండిల్ ప్లాస్టిక్ అయితే ఏం, కాఫీకి తగలదు కదా. అడుగు లేని పోర్టాఫిల్టర్ మార్చుకుంటే ఈ గిన్నె బెడద పోతుంది. పొడి మాత్రం సమంగా సర్ది నొక్కాలి, లేకపోతే కాఫీ పక్కలకి చిమ్ముతుంది.

డబ్బా మీద 'బీపీఏ ఫ్రీ' అని ఉంటే, కొన్ని ప్లాస్టిక్‌లలో ఉండే బీపీఏ అనే ఆ ఒక్క రసాయనం లేదనే అర్థం. ప్లాస్టిక్ లేదని కాదు.

ట్యాంకూ పంపూ రెండూ వద్దనుకుంటే చేత్తో నొక్కే లివర్ మెషీనే. లా పవోనీ యూరోపిక్కోలాలో నీళ్లు నేరుగా బాయిలర్‌లోనే పోస్తాం. బాగానే ఉంది గానీ, 2000 తర్వాతి రకాల్లో నీళ్లని నొక్కే పిస్టన్ కదిలే చోట ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. పాతది కొనేటప్పుడు ఏ ఏడాదిదో అడగండి.

నా ఓటు కేఫెలాట్ రోబోట్‌కే, ఇదీ చేత్తో నొక్కేదే. స్టీలు బాస్కెట్, స్టీలు పిస్టన్, ఒక సిలికోన్ వాషరు. ఆ వాషరు కూడా వద్దంటే ఇక ఏ మెషీనూ దొరకదు, ఒత్తిడి ఆపడానికి ఏదో ఒక వాషరు ఉండాల్సిందే. 18 గ్రాముల పొడి నొక్కి, పైన రేకు జల్లెడ పెట్టి, మరిగిన నీళ్లు పోయండి. 30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దిగాలి. జల్లెడ మరిచిపోతే నీటిధార పొడిలో గుంట తవ్వి ఆ దారినే పారిపోతుంది. కాఫీ పలచగా, పుల్లగా వస్తుంది.

పొయ్యి మీద పెట్టే మోకా పాట్‌లో ఒత్తిడి 1, 2 బార్లే, అది ఎస్ప్రెసో కాదు, వేరే కాఫీ.

ఇంతా చేసి నీళ్లు కాచే కెటిల్ చూడటం మరిచిపోతారు. మూత తెరిచి లోపలి వైపు ప్లాస్టిక్ ఉందేమో చూడండి, నీటిమట్టం చూపించే కిటికీ కూడా.