డూమ్స్‌డే టీజర్లు: కనిపించినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రేక్షకులకు నమస్కారం. మార్వెల్ సూపర్‌హీరోల సినిమా ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ పూర్తి ట్రైలర్ కోసం అభిమానులు కాచుకుని ఉన్న ఈ సమయంలో, ఇప్పటికే మన చేతికి వచ్చిన నాలుగు టీజర్లను, వాటి చుట్టూ సాగుతున్న వాదనను ఈ వీడియోలో పరిశీలిద్దాం. 2025 డిసెంబర్ నుంచి ‘అవతార్: ఫైర్ అండ్ యాష్’ ప్రదర్శనలతో పాటు ఒక్కొక్కటిగా థియేటర్లలో వేసి, ఆ తరువాత వారానికొకటి చొప్పున ఆన్‌లైన్‌లో విడుదల చేసిన ఈ టీజర్లలో ప్రతినాయకుడు డూమ్ జాడ లేదు, కథ ఇదీ అని తేల్చి చెప్పే మాట లేదు. అంత తక్కువ సరుకు మీద ఇంత పెద్ద చర్చ ఎలా నిలబడిందన్నదే నాకు ఆసక్తి కలిగించిన విషయం.

చర్చకు ఆజ్యం పోసినవారు దర్శకులే. నాలుగో టీజర్ విడుదలైన తరువాత ఆంథొనీ రూసో, జో రూసో సోదరులు సోషల్ మీడియాలో ఒక మాట రాశారు. గడిచిన నాలుగు వారాలుగా మీరు చూస్తున్నవి టీజర్లూ కావు, ట్రైలర్లూ కావు, అవి కథలు, అవి ఆధారాలు, జాగ్రత్తగా గమనించండి అన్నది దాని సారాంశం. అప్పటిదాకా భావోద్వేగంతో చూసినవారు కూడా ఆ మాటతో ప్రతి ఫ్రేమునూ ఆపి, పెద్దది చేసి చూడడం మొదలుపెట్టారు. నా అభిప్రాయంలో మనం జాగ్రత్త పడవలసిన చోటు సరిగ్గా ఇదే, ఎందుకంటే ఈ సోదరులకు ట్రైలర్ల విషయంలో ఒక చరిత్ర ఉంది.

2017 నవంబర్ 29న, వీళ్లే తీసిన అవెంజర్స్ సినిమా ‘ఇన్ఫినిటీ వార్’ మొదటి ట్రైలర్ వచ్చింది. వకాండా అనే కల్పిత దేశపు మైదానంలో కథానాయకులందరూ శత్రువు వైపు పరుగెత్తే దృశ్యం అందులో అందరినీ కట్టిపడేసింది, ఆ గుంపులో హల్క్ కూడా ఉన్నాడు. సినిమాలో మాత్రం తొలి సన్నివేశాల్లో ప్రతినాయకుడు థానోస్ చేతిలో ఓడిన హల్క్, అతనిగా మారే శాస్త్రవేత్త బ్యానర్ ఎంత బతిమాలినా మళ్లీ బయటికి రాడు, వకాండా యుద్ధాన్ని బ్యానర్ హల్క్‌బస్టర్ కవచంలోనే చేస్తాడు. అంటే మనం పదేపదే చూసి మురిసిపోయిన ఆ షాట్ సినిమాలో లేనే లేదు. ఇది ఎడిటింగులో పోయిన షాట్ కాదు, హల్క్ రాకపోవడమనే మలుపును కాపాడడానికి ప్రేక్షకుడి ముందు కావాలని పెట్టిన ఎర.

ఆనాడు దీన్ని మోసమన్నవారు ఉన్నారు, తెలివైన పని అన్నవారూ ఉన్నారు. నేను రెండో పక్షం. టికెట్ కొన్నవాడికి సినిమా హాల్లో ఒక ఆశ్చర్యాన్ని మిగల్చడం కోసం ట్రైలర్ అబద్ధమాడితే ఆ అబద్ధం వల్ల నష్టపోయేవాడు ఎవరూ లేరు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’. 2015 డిసెంబర్‌లో వచ్చిన దాని ట్రైలర్ ఇద్దరి మధ్య గొడవ ఎలా మొదలవుతుందో చూపించి, అక్కడితో ఆగక చివరి అంకంలో వచ్చే డూమ్స్‌డే అనే రాక్షసుణ్ణి (మన సినిమా పేరుతో ఇతనికి సంబంధం లేదు), అతనికి ఎదురుగా ముగ్గురు కథానాయకులు కలిసి నిలబడడాన్ని కూడా చూపించేసింది. మూడు నెలల తరువాత సినిమా చూసినప్పుడు, ఆ ఇద్దరూ ఎంత తీవ్రంగా కొట్టుకుంటున్నా చివరికి చేతులు కలుపుతారని ప్రతి ప్రేక్షకుడికీ ముందే తెలుసు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, కానీ ఆ నిజాయితీ వల్ల సినిమాకు జరిగిన మేలు కూడా ఏమీ లేదు.

అభిమానుల పరిశోధన ఎప్పుడూ వృథా అని కూడా నేను అనను. 2021 నవంబర్‌లో ‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’ రెండో ట్రైలర్ బ్రెజిల్ రూపంలో ఒక చిత్రం జరిగింది. గాలిలోకి ఎగిరిన లిజార్డ్ అనే విలన్ ముఖం, ఎవరూ తాకకుండానే దెబ్బ తిన్నట్టు ఒక పక్కకు తిరిగిపోయింది. అక్కడ కొట్టినవాడిని ఎవరో చెరిపేశారని అభిమానులు వెంటనే పట్టుకున్నారు. తాను ఆ సినిమాలో లేనని పాత స్పైడర్‌మ్యాన్ నటుడు ఆండ్రూ గార్‌ఫీల్డ్ ఇంటర్వ్యూల్లో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మలేదు, డిసెంబర్‌లో సినిమా వచ్చాక ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లూ తెరమీద కనిపించారు. అయితే ఆ పరిశోధన ఫలించింది సంభాషణల్లో గూఢార్థాలు వెతకడం వల్ల కాదు, సాంకేతిక బృందం వదిలేసిన ఒక ఖాళీ వల్ల. ఆ తేడాను మరిచిపోయి ప్రతి టీజరూ అలాగే విప్పుకుంటుందని అనుకోవడం వల్లే సగం సిద్ధాంతాలు గాలిలో మేడలవుతున్నాయి.

ఇప్పుడు టీజర్ల విషయానికి వద్దాం. మొదటిది స్టీవ్ రోజర్స్‌ది, అంటే క్రిస్ ఎవాన్స్ పోషించిన మొదటి కెప్టెన్ అమెరికాది. మోటారుసైకిల్ మీద ఇంటికి చేరుకుంటాడు, మడిచి పెట్టిన పాత యూనిఫామ్‌ను చూసుకుంటాడు, ఒక పసిబిడ్డను చేతుల్లోకి తీసుకుంటాడు, వెనుక పరిచయమైన సంగీతం పియానో మీద నెమ్మదిగా వినిపిస్తుంది, స్టీవ్ రోజర్స్ తిరిగి వస్తాడన్న అక్షరాలతో ముగుస్తుంది. ఒక టీజర్‌గా దీని పనితనాన్ని తప్పుపట్టలేము. ఒక్క మాట లేకుండా, ఒక్క దెబ్బ లేకుండా, ఇతనికి ఇప్పుడు పోగొట్టుకోవడానికి ఏమి ఉందో ఆ నిమిషంలోనే చెప్పగలిగారు.

వాదన అంతా ఆ తరువాతి ప్రశ్న మీద నడుస్తోంది. 2019లో ‘ఎండ్‌గేమ్’ ముగింపులో స్టీవ్ గతంలోనే ఉండిపోయి, ప్రేయసి పెగ్గీతో జీవితం గడిపి, వృద్ధుడిగా వచ్చి తన డాలును స్నేహితుడు సామ్ విల్సన్‌కు (నటుడు ఆంథొనీ మాకీ) అప్పగించాడు. అది పూర్తయిన కథ, మార్వెల్ సినిమాల్లో అంత చక్కగా ముగిసిన పాత్రలు ఎక్కువ లేవు. అతణ్ణి మళ్లీ పిలవడం ఆ ముగింపును చెడగొట్టడమేనని ఒక వర్గం వాదిస్తే, ఆ జీవితంలో మనం చూడని సంవత్సరాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి కథకు చోటుందని మరో వర్గం అంటోంది. రెండో వాదన తర్కానికి నిలుస్తుందని ఒప్పుకుంటూనే, నా మనసు మొదటి వర్గం వైపే మొగ్గుతోంది. స్టీవ్ రావడం మీద నాకు అంత అభ్యంతరం లేదు, అసలు అభ్యంతరం సామ్ విషయంలో. 2021లో ఒక సిరీస్, 2025 ఫిబ్రవరిలో ఒక సినిమా కేటాయించి ఇతనే ఇక కెప్టెన్ అమెరికా అని మనకు చెప్పినవారు, ప్రచారం మొదలుపెట్టే రోజు వచ్చేసరికి ఆ పేరు గల మనిషిని పక్కన పెట్టి పాతవాడి ముఖంతో తలుపు తెరిచారు. నాలుగు టీజర్లలో సామ్‌కు ఒక్కటీ దక్కలేదు. 2025 మార్చిలో నటీనటులను ప్రకటించడానికి కుర్చీల వెనుక పేర్లు ఒక్కొక్కటిగా చూపిస్తూ ఐదు గంటలకు పైగా సాగిన ఆ ప్రత్యక్ష ప్రసారంలో మాత్రం ఆంథొనీ మాకీ పేరు ఉంది, క్రిస్ ఎవాన్స్ పేరు లేదు. పేరు ప్రకటించినవాడు తెర వెనుక, ప్రకటించనివాడు తెర మీద ఉండడం చూస్తే, అధికారిక జాబితాలను కూడా ఎంతవరకు నమ్మాలో అర్థమవుతుంది.

రెండో టీజర్‌లో థోర్ అడవిలో మోకరిల్లి, తన తండ్రి ఓడిన్‌ను ప్రార్థిస్తాడు. మరొక్కసారి పోరాడే బలాన్ని ఇవ్వమనీ, పోరాటం ముగిశాక తన కూతురి దగ్గరికి తిరిగి చేరనివ్వమనీ వేడుకుంటాడు. గత థోర్ సినిమా ‘లవ్ అండ్ థండర్’లో హాస్యం పేరుతో పలుచబడిన పాత్రకు ఇక్కడ మళ్లీ బరువు వచ్చింది. థోర్ ఈ సినిమాలో చనిపోతాడని చాలామంది అప్పుడే నిర్ణయించేశారు. ఇంటికి తిరిగి వెళ్లాలని ప్రార్థించే వీరుడు వెళ్లడన్నది పాత కథాసూత్రమే కావచ్చు, కానీ ఆ సూత్రం మనకు తెలుసని రూసో సోదరులకు కూడా తెలుసు కదా!

నాలుగింటిలో నాకు అన్నిటికంటే నచ్చినది మూడోది, ఎక్స్‌మెన్ టీజర్. పాడుబడిన పాఠశాల, మరణం గురించి మాగ్నీటో గొంతు, చదరంగం బల్ల దగ్గర అతనూ ప్రొఫెసర్ జేవియర్ అనే ఇద్దరు వృద్ధ మిత్రుల చేతులు కలవడం, చివర్లో కామిక్స్‌లోని నీలం దుస్తుల్లో సైక్లాప్స్ కళ్లలోంచి వెలువడే ఎర్రని కాంతి. జేవియర్‌గా ప్యాట్రిక్ స్టీవర్ట్, మాగ్నీటోగా ఇయాన్ మెకెలెన్ 2000 సంవత్సరం నుంచి ఈ పాత్రలతో ఉన్నారు కాబట్టి వాళ్ల ముఖాల్లోని వయసే సగం కథ చెబుతుంది. నాలుగోది, వకాండా ప్రజలు, ఫెంటాస్టిక్ ఫోర్ కలిసే టీజర్, తక్కిన మూడింటి ముందు కొంచెం తేలిపోయింది. వకాండాకు చెందిన ఎంబాకూ, ఫెంటాస్టిక్ ఫోర్‌లోని బెన్ గ్రిమ్ పలకరించుకునే చివరి క్షణం సరదాగా ఉన్నా, అది పరిచయ సన్నివేశంలాగే మిగిలిపోయింది.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనబడుతుంది. స్టీవ్ చేతుల్లో బిడ్డ ఉంది, థోర్ మాటల్లో కూతురు ఉంది, ఎక్స్‌మెన్ టీజర్‌లో పిల్లలు లేని పాఠశాల ఉంది, నాలుగోదాంట్లో వకాండా యువరాణి షూరి తనవాళ్లందరినీ పోగొట్టుకున్నానని చెబుతుంది. 2025 జూలైలో వచ్చిన ‘ఫెంటాస్టిక్ ఫోర్: ఫస్ట్ స్టెప్స్’ ముగింపు టైటిల్స్ మధ్యలో వచ్చే అదనపు సన్నివేశంలో డూమ్ మోకరిల్లింది కూడా ఒక పసివాడి ముందే. డూమ్ ఈ పిల్లల కోసమే వస్తాడన్న సిద్ధాంతం అక్కడి నుంచే పుట్టింది. కథ అక్షరాలా అలాగే నడుస్తుందని నేను చెప్పను. కానీ షాట్లు మార్చవచ్చు, మనుషులను చెరిపేయవచ్చు, నాలుగు టీజర్లలోనూ ఒకే దిగులును ఇంత పట్టుదలగా నింపి, దానితో సంబంధం లేని సినిమా తీయడం మాత్రం కష్టం. దర్శకులు ఆధారాలు అన్నది దేన్ని ఉద్దేశించో నాకు ఆ దిగులులోనే కనబడుతోంది, స్టీవ్ ఇంటి గోడ మీద వస్తువుల్లో కాదు.

ఇక డూమ్ గురించి. 2024 జూలైలో శాన్ డియాగో కామిక్ కాన్ వేదిక మీద రాబర్ట్ డౌనీ జూనియర్ ముసుగు తీసి తానే డూమ్ అని చూపించిన నాటి నుంచి, ఈ డూమ్ అదే నటుడు ఇదివరకు పోషించిన టోనీ స్టార్క్‌కు (ఐరన్ మ్యాన్) మరో రూపమా, లేక ఆ పోలికతో సంబంధం లేని విక్టర్ వాన్ డూమా అన్న ప్రశ్న తెగడం లేదు. 1962లో స్టాన్ లీ, జాక్ కర్బీ సృష్టించిన డూమ్‌కు ముసుగే గుర్తింపు, ముఖం కనబడకపోవడమే అతని భయం. అటువంటి పాత్రకు ప్రపంచానికంతటికీ తెలిసిన ముఖాన్ని ఎంచుకున్నప్పుడు, ఆ ముఖాన్ని ఎంత ఆలస్యంగా చూపిస్తే అంత మంచిది. టీజర్లలో డూమ్ లేడని ఫిర్యాదు చేస్తున్నవారితో అందుకే నేను ఏకీభవించలేను.

24 గంటల్లో ఎన్ని వీక్షణలు అన్న పోటీ మీద ఎక్కువ సమయం పెట్టను. ‘ఎండ్‌గేమ్’ మొదటి ట్రైలర్‌కు 28.9 కోట్లు, ‘నో వే హోమ్’ టీజర్‌కు 35.55 కోట్లు, 2024లో ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’ టీజర్‌కు 36.5 కోట్లు అని ప్రకటించారు. ఇవి అనేక వేదికల లెక్కలను కలిపి చెప్పే అంకెలు, ఏది వీక్షణ అన్న నిర్వచనమే ఒక్కో వేదికలో ఒక్కో రకంగా ఉంటుంది. వాటిని పట్టుకుని ఏ సినిమా గొప్పదో తేల్చాలనుకునే వాదన నాకు కాలక్షేపంగానే తోస్తుంది.

సినిమా విడుదల తేదీ 2026 డిసెంబర్ 18. ఈలోగా వచ్చే పూర్తి ట్రైలర్‌లో నేను ముందుగా వెతికేది డూమ్ ముఖాన్ని కాదు, సామ్ విల్సన్‌కు స్టీవ్ ఎదురుపడే షాట్‌ను. డాలు ఎవరి చేతిలో ఉందో చూడగానే సగం వాదన తీరిపోతుందని చాలామంది అంటారు. ఆ షాట్ సినిమాలోనూ అలాగే ఉంటుందని మాత్రం, హల్క్‌ను చూసిన తరువాత, నేను పందెం కాయలేను.