ఒకే రేకు, ఒకే ఒత్తు, ఎన్నో రంగులు: కృష్ణారెడ్డి ముద్రణ విధానం

నమస్కారం. ఒంగోలులో చిత్రకళ నేర్చుకుంటున్న విద్యార్థుల కోసం సిద్ధం చేసిన ఈ పాఠంలో, 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, ప్యారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ పనిచేసి, రంగుల ముద్రణకు కొత్త దారి వేసిన కృష్ణారెడ్డి గారి కళాజీవితాన్ని, ఆయన పనిచేసిన విధానాన్ని కలిపి వివరిస్తాను. ఈ రెండింటినీ విడదీసి చెప్పడం నాకు సరైనదిగా తోచదు. ఆయన శిల్పి కాబట్టే ముద్రణకు వాడే లోహపు రేకు మీద రంగును అలా నిలపగలిగారని నా నమ్మకం.

శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద చిత్రకళ అభ్యసించిన తరువాత, ఆయన 1947 నుంచి 1950 వరకు మద్రాసు కళాక్షేత్రంలో కళావిభాగాన్ని చూసుకున్నారు. 1951లో లండన్‌లోని స్లేడ్ కళాశాలలో శిల్పకళ నేర్చుకుని, ఆ తరువాత ప్యారిస్‌లో ఓసిప్ జాడ్‌కిన్ అనే శిల్పి వద్ద చేరారు. అదే నగరంలో స్టాన్లీ విలియం హేటర్ నడుపుతున్న అటెలియె 17 అనే ముద్రణశాలలో అడుగుపెట్టి, 1960లలో దానికి సహ సంచాలకుడయ్యారు. ముద్రణలో పేరు వచ్చినా ఆయన రాతిని వదల్లేదు. 1964లో మాంట్రియల్ నగరంలో జరిగిన శిల్పుల సదస్సులో పాల్గొని పాలరాతిలో పెద్ద శిల్పం చెక్కారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అంతకుముందు, చెక్కిన రేకుతో రంగుల ముద్ర తీయాలంటే, సాధారణంగా ఒక్కో రంగుకు ఒక్కో రేకు చేసుకుని, కాగితాన్ని ప్రతిసారీ అదే చోట సరిగ్గా కూర్చోబెట్టి ఒత్తవలసి వచ్చేది. అటెలియె 17లో కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ ఈ ఇబ్బందిని దాటే మార్గాన్ని రూపొందించారు. రేకును ఒకే ఎత్తులో ఉంచకుండా ఉలితో, గీకుడు పనిముట్లతో, ఆమ్లంతో అనేక లోతులుగా మలిచి, ఒక్కో లోతుకు ఒక్కో రంగు అందేలా ఇంకుల చిక్కదనాన్ని మార్చుకుంటూ వెళ్తే, అన్ని రంగులూ ఒకే రేకు మీద నిలిచి ఒకే ఒత్తులో కాగితం మీదికి వస్తాయి.

ఇక దీన్ని చేసి చూద్దాం. నా ముందున్న ఈ నల్లరాతి పలక చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్‌లో మిగిలిన ముక్క. ఇంకు పరచడానికి గాజు వాడినా సరే, కానీ ఈ రాయి బరువుగా ఉండి కదలదు కాబట్టి రోలర్ నిలకడగా నడుస్తుంది. ఇంకు తప్పనిసరిగా నూనె ఇంకై ఉండాలి; నీటి రంగులతో ఈ పద్ధతి సాగదు. రోలర్ల కోసం రెండు రంగులు తీసుకుని, మొదటి దానిలో పెయింట్ల దుకాణంలో దొరికే లిన్సీడ్ ఆయిల్ కొద్దికొద్దిగా కలపండి. ఇంకు కలిపే కత్తిని పైకెత్తితే ఆ ఇంకు ఆగకుండా జారాలి. రెండో ఇంకులో నూనె దాదాపు కలపవద్దు. అది కత్తిని పట్టుకుని సాగాలే తప్ప కిందపడకూడదు.

ముందుగా మూడో రంగు ఇంకును లోతైన గీతలలోకి రుద్ది, పైభాగాన్ని పల్చని నూలుగుడ్డతో తుడవండి. తరువాత గట్టి రబ్బరు రోలర్‌కు పల్చని ఇంకు పట్టించి, బరువు వేయకుండా రేకు మీద ఒకే ఒక్కసారి నడపండి. గట్టి రోలర్ వంగదు కాబట్టి పైకి లేచిన భాగాలను మాత్రమే తాకుతుంది. ఆ వెంటనే మెత్తని రోలర్‌కు చిక్కని ఇంకు పట్టించి, కొంత ఒత్తిడితో నడపండి. అది పల్లాలలోకి దిగి అక్కడ రంగు వదులుతుంది. నూనె రాసుకున్న చేతికి పనసబంక అంటనట్లే, పైభాగాన ఉన్న, నూనె ఎక్కువ కలిపిన పల్చని ఇంకు ఈ చిక్కని ఇంకును దగ్గరికి రానివ్వదు. రేకునంతా ఒకే చుట్టులో కప్పేటంత పెద్ద రోలర్ ఎందుకు కావాలో ఇక్కడ అర్థమవుతుంది: రెండోసారి నడిపితే రోలర్ చుట్టు అతుకు ముద్రలో కనిపిస్తుంది. ఇక తడిపిన కాగితాన్ని పరిచి, పైన మెత్తని ఫెల్ట్ వేసి, ప్రెస్‌లో ఒత్తడమే మిగిలింది.

1963లో చేసిన ‘వర్ల్‌పూల్’ ముద్రను మీరు చూడగలిగితే, నీటి సుడిలోని ప్రతి వలయంలో ఒక రంగు మరొక రంగు పక్కన నిలవడానికి కారణం కుంచె కాదని, రేకు లోతేనని తెలుస్తుంది. పురుగులు, చేపలు, అలలు అన్నీ ఆయన చేతిలో ఆకారం కరిగి, లోపలి కదలికగా మిగిలాయి. 1968లో ప్యారిస్ వీధులలో విద్యార్థులు ఎదురుతిరిగినప్పుడు చేసిన ‘డిమాన్‌స్ట్రేటర్స్’లో మనుషులు కూడా ఒకరిలో ఒకరు కలిసిపోయిన నిలువు రేఖలయ్యారు. నా దృష్టిలో ఆయన అన్ని ముద్రలలోనూ ఇదే గొప్పది.

1972లో పద్మశ్రీ అందుకున్న కృష్ణారెడ్డి, తరువాత న్యూయార్క్‌లో స్థిరపడి విశ్వవిద్యాలయంలో బోధించారు. 2018లో అక్కడే కన్నుమూశారు. ‘గ్రేట్ క్లౌన్’ రేకు నుంచి ఆయన ఎన్నో వేర్వేరు రంగుల కూర్పులలో ముద్రలు తీశారు. మీ అభ్యాసం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి: కొత్త రేకు చెక్కకుండా, ఉన్న రేకు మీదనే రంగులను, ఇంకుల చిక్కదనాన్ని మార్చి చూడండి. ప్రతి ముద్ర వెనుక ఏ ఇంకులో ఎంత నూనె కలిపారో, ఏ రోలర్ ముందు నడిపారో పెన్సిల్‌తో రాసి ఉంచుకోండి, ఎందుకంటే ఆ వివరం లేకపోతే నచ్చిన ముద్రను మళ్లీ తీయడం దాదాపు అసాధ్యం.